శ్రీశైలం వెనుక నీళ్లలో చేప సైజు – మన సంఘాల పని

(వార్షిక సర్వసభ్య సమావేశంలో చేపల అమ్మకం ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగం)



ప్రతి ఏడాది ఈ సభలో పొదుపు ఎంత, అప్పు ఎంత, వసూలు ఎంత అని చదువుకుంటాం. ఆ లెక్కలు వేరే చోట ఉన్నాయి గనుక మేము మళ్లీ చెప్పం. మాకిచ్చిన విషయం చేప సైజు. "చేప చిన్నదైతేంది, పెద్దదైతేంది, పొదుపు సంఘానికి దాంతోని ఏం పని?" అని కొందరు అక్కలు ముందే అడిగిన్రు. పని ఉంది. ఏటి ఒడ్డు ఊర్లలో మన సభ్యులు తీసుకున్న అప్పులు చూడండి. వలకని ఒకరు, పుట్టికని ఒకరు, ఐసు పెట్టెకని ఒకరు, ఎండు చేపల బేరానికని ఒకరు రాయించుకున్నవే. ఆ కిస్తీ కట్టేది చేప. చేప చిన్నదవుతుంటే కిస్తీ కష్టమవుతది. కిస్తీ ఆగితే సంఘం గ్రేడు పడిపోతది. అందుకే ఈ మాట ఇక్కడ మాట్లాడాల్సి వచ్చింది.

మన నీళ్ల సంగతి

శ్రీశైలం జలాశయం నిండు మట్టం 885 అడుగులు. నిండినప్పుడు ఆరు వందల చదరపు కిలోమీటర్లకు పైగా నీళ్లు పరుచుకుంటాయి. ఈ నీళ్ల కింద మన పెద్దల ఊర్లున్నాయి. 1981లో ఊర్లు ఖాళీ చేయించిన సంగతి ఇక్కడున్న పెద్దమ్మలకు ఇంకా యాదికుంది. పొలం పోయింది, ఇల్లు పోయింది. కొన్ని కుటుంబాలకు మిగిలింది ఈ నీళ్లే. అప్పటిదాకా వ్యవసాయం చేసినోళ్లు కూడా వల పట్టుకున్నరు. ఇప్పటికీ వల వేస్తే పాత ఇంటి గోడకో, మునిగిన చెట్టు మోడుకో తట్టుకుని చిరుగుతది.

ఈ జలాశయం చెరువులాంటిది కాదు. చెరువు నీళ్లు మెల్లగా తగ్గుతాయి. ఇక్కడ కరెంటుకు వదలాలి, ఆ ఒడ్డున పోతిరెడ్డిపాడుకు, హంద్రీ-నీవాకు, ఈ ఒడ్డున కల్వకుర్తి ఎత్తిపోతలకు తోడాలి, కింద నాగార్జునసాగర్‌కు పంపాలి. వానాకాలంలో వరదొస్తే కొద్ది రోజుల్లోనే మట్టం పదుల అడుగులు లేస్తది. ఎండాకాలం వచ్చేసరికి అంతకంత దిగిపోతది. సంగమేశ్వరం గుడి బయటపడిందంటే నీళ్లు ఎంత దిగినయో మనకు అడుగుల లెక్క చెప్పనక్కరలేదు.

ఇట్ల నీళ్లు లేచి దిగే జలాశయంలో ఒడ్డు ఒక్కచోట ఉండదు. ఒడ్డు పొంటి నాచు, గడ్డి నిలిచి పెరగడం కష్టం. చేపకు మేత దొరికే చోటు కూడా మారుతుంటది. ఇంకొక సంగతి. ఏ జలాశయంలోనైనా మొదట్లో చేప బాగా పెరుగుతది. కొత్తగా మునిగిన నేలలో ఆకు, అలం, ఎరువు కలిసి నీళ్లలో మేత పుష్కలంగా ఉంటది. కొన్నేళ్లకు అది అయిపోతది. "మా కాలంలో బొచ్చె చేప మనిషంత ఉండె" అని పెద్దోళ్లు అంటే అందులో కొంత కథ ఉండొచ్చు గానీ అంతా కథ కాదు.

ఏ నెలలో ఎట్ల ఉంటది

జూలై, ఆగస్టు నెలల్లో జలాశయాల్లో వేట నిషేధం. సముద్రంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉన్నట్టే మనకు వానాకాలంలో ఉంటది. బొచ్చె, రవ్వ, మోసు చేపలు నిలిచిన నీళ్లలో గుడ్లు పెట్టవు. రవ్వ అన్నా రోహు అన్నా ఒకటే. కొత్త వరద రాగానే అవి ఏటికి ఎదురెక్కి, పలచగా పారే చోటుకు పోయి గుడ్లు పెడతాయి. కిలో బరువున్న తల్లి చేప లక్షకు పైగా గుడ్లు పెడతది. ఆ రోజుల్లో ఒక్క తల్లి చేపను పట్టితే ఎంత పోయినట్టో లెక్క వేసుకోండి.

సెప్టెంబరు, అక్టోబరులో నీళ్లు ఎర్రగా, బురదగా ఉంటాయి. గేట్లు ఎత్తితే వడి ఎక్కువ. పుట్టి మీద పోవడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. వలకు చెత్త, కట్టెలు తట్టుకుంటాయి. చేప తక్కువ దొరికినా, దొరికిన చేప బలంగా ఉంటది.

నవంబరు నుంచి సంక్రాంతి దాకా నీళ్లు తేటబడతాయి. చలికి చేప మేత తగ్గిస్తది, ఎక్కువ తిరగదు. రాత్రి కట్టిన వలకు పొద్దున పడింది పడినట్టు. ధర మాత్రం బాగుంటది.

శివరాత్రి తర్వాత అసలు వేట మొదలు. నీళ్లు దిగేకొద్దీ చేపంతా లోతు జాగాల్లో, పాత ఏటి పాయలో చేరుతది. తక్కువ జాగాలో ఎక్కువ చేప. వల వేస్తే పడుతది. మన సభ్యుల ఇళ్లలో చేతిల పైసలాడేది ఈ మూడు నాలుగు నెలలే. మళ్లీ నష్టం జరిగేది కూడా ఈ నెలల్లోనే. తప్పించుకునే జాగా లేని చేపను చిన్నా పెద్దా చూడకుండా ఊడ్చేస్తే, జూలైలో వరదకు ఎదురెక్కే తల్లి చేప ఎక్కడుంటది?

చేప పెరిగే లెక్క

ఈ లెక్క మన సంఘాల్లో అందరికీ అర్థం కావాలని మేము కోరుతున్నాం.

చేప పొడవు రెండింతలైతే బరువు రెండింతలు కాదు, దాదాపు ఎనిమిదింతలు అవుతది. పొడవుతో పాటు వెడల్పు, మందం కూడా రెండింతలు అవుతాయి గదా. రెండును మూడు సార్లు వేస్తే ఎనిమిది. జానెడు చేపకు, రెండు జానల చేపకు తేడా అంత ఉంటది.

ఇప్పుడు లెక్క కోసమే అనుకుందాం. వంద గ్రాముల రవ్వలు పది పడితే ఒక కిలో. వాటిని ఈ ఏడాది వదిలేస్తే అందులో సగం చచ్చిపోయినయనుకుందాం, పెద్ద చేప మింగిందనుకుందాం. మిగిలినయి ఐదు. ఒక్కొక్కటి ఏడు వందల గ్రాములకు వస్తే మూడున్నర కిలోలు. పెద్ద చేపకు కిలో ధర చిన్న దానికంటే రెండింతలు ఉంటే, ఈ రోజు ఒక్క రూపాయి వచ్చే చోట రేపు ఏడు రూపాయలు. సగం పోయినా ఏడింతలు. ఇంత వడ్డీ ఏ బ్యాంకు ఇస్తది? మన పంచసూత్రాల్లో పొదుపు ఉంది. చిన్న చేపను వదిలిపెట్టడం అంటే నీళ్లలో పొదుపు చేయడమే.

దీనికి ఇంకొక పక్క కూడా ఉంది. అన్ని చేపలకూ ఒకే న్యాయం కుదరదు. జిలేబి చేపను చూడండి. అది రెండు మూడు నెలలకే పిల్లలు పెడతది, పిల్లలను నోట్లో పెట్టుకుని కాపాడుకుంటది. పుట్టిన పిల్లలు ఎక్కువ, చచ్చేవి తక్కువ. మేత అంతే, తినే నోళ్లు ఎక్కువైతే ఎవరికీ కడుపు నిండదు. అందుకే జిలేబి గుంపు పెరిగిన చోట అన్నీ అరచేతి సైజులోనే ఆగిపోతాయి. వాటిని ఎంత పట్టినా నష్టం లేదు, పట్టితేనే మిగిలినవి పెరుగుతాయి. పరిగెలు, చిన్న జెల్లలు పుట్టుకతోనే చిన్న జాతులు. వాటిని పట్టడం తప్పు కాదు. పెద్దగా పెరగాల్సిన బొచ్చెను, రవ్వను, మోసును, వాలుగను పిల్లగా ఉన్నప్పుడే పట్టడం వేరు. ఈ తేడా తెలిసినోళ్లు మన ఆడోళ్లే, ఎందుకంటే గంపలో చేపను ఏరి జాతి జాతి వేరు చేసేది మనమే.

అలివి వల

పెద్ద కన్ను వలలో చిన్న చేప దూరి పోతది, పెద్దది చిక్కుతది. వల కన్ను ఎంతుంటే చేప అంత. ఇది మన మగోళ్లకు చిన్నప్పటి నుంచి తెలుసు. అలివి వలకు ఆ న్యాయం లేదు. దోమతెర లాంటి కన్ను. పొడుగ్గా గుండ్రంగా తిప్పి ఒడ్డుకు లాగుతరు. అంగుళం పిల్ల నుంచి తల్లి చేప దాకా ఏదీ తప్పించుకోదు. గుడ్ల నుంచి అప్పుడే వచ్చిన పిల్ల కూడా అందులోనే. దీన్ని నిషేధించిన్రు. అయినా ఎండాకాలంలో ఒడ్డు పొంటి పోయినోళ్లకు ఏం కనిపిస్తదో ఈ సభకు చెప్పనక్కరలేదు.

ఆ పిల్ల చేపను పచ్చిగా ఎవరూ కొనరు. ఇసుక మీద ఎండబోసి బస్తాలకు ఎత్తుతరు. మూడు నాలుగు కిలోల పచ్చి చేప ఎండితే ఒక కిలో. అంటే ఒక బస్తా ఎండు చేపలో ఎన్ని వేల పిల్లలు ఉంటాయో చూడండి. అవి పెరిగి ఉంటే ఎన్ని కుటుంబాలు బతికేవి! ఆ ఎండబోసే కూలి పనికి పోయేది కూడా మన ఆడోళ్లే. రోజు కూలి చేతికొస్తది, వచ్చే ఏడాది చేప చేతి నుంచి పోతది.

మేము రేవుల్లో కూర్చుని మాట్లాడితే ఒక అక్క ఇట్ల అడిగింది: "వదిలెయ్యి అంటవు సరే, ఈ పూట పొయ్యిల పిల్లి లేవాలె గదా?" ఇంకొకామె అన్నది: "మేము వదిలితే అవతలి ఒడ్డోడు పట్టుకపోతడు." ఈ రెండు మాటలూ నిజమే. వీటికి జవాబు చెప్పకుండా చిన్న చేపను పట్టొద్దు అని గోడ మీద రాస్తే ఎవరూ వినరు.

అడ్వాన్సు అనే ముడి

మొదటి మాటకు జవాబు అప్పులో ఉంది. వానాకాలంలో వేట ఉండదు. ఇంట్లో బియ్యం కావాలి, బడి తెరిచే రోజులు, పిల్లల ఫీజులు కావాలి, వల బాగు చేయాలి. అప్పుడు వ్యాపారి వచ్చి అడ్వాన్సు ఇస్తడు. వడ్డీ అడగడు. అడ్వాన్సు తీర్చేదాకా చేపంతా తనకే పోయాలంటడు. ధర ఆయనే చెప్తడు, తూకం ఆయనదే. వడ్డీ లేదనుకుంటం గానీ, కిలోకు తగ్గించే ధరలో వడ్డీ ఉంటది, తూకంలో ఉంటది. కొందరు వలను కూడా వాళ్లే ఇస్తరు. ఏ కన్ను వల ఇస్తే ఆ చేపే వస్తది. ఆ ఏడాది తీరకపోతే వచ్చే ఏడాదికి బాకీ పడుతది. ఇట్ల ముడి పడ్డ ఇంటికి "పెద్ద చేప పట్టు, మంచి ధరకు అమ్ము" అని చెప్పి ఏం లాభం? చేప వాళ్లది కాదు.

ఆ ముడి విప్పగలిగేది మన సంఘమే. బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి, మన సొంత పొదుపు ఉన్నయి. కాకపోతే మన కిస్తీలు నెల నెలా సమానంగా ఉంటాయి. చేప సంపాదన నెల నెలా సమానంగా రాదు. జూలై, ఆగస్టులో కిస్తీ కట్టడానికి సభ్యురాలు మళ్లీ వ్యాపారి దగ్గరికే పోతే, మన అప్పే ఆమెను అక్కడికి తోలినట్టు అవుతది. అందుకని కిస్తీల పట్టిక చేప నెలలను బట్టి ఉండాలి.

చేప పిల్లలు వదిలే రోజు

తెలంగాణలో 2016 నుంచి సర్కారు చేప పిల్లలను ఉచితంగా వదులుతున్నది. చిన్న చెరువులకు 35 నుంచి 40 మిల్లీమీటర్ల పిల్ల, జలాశయాలకు 80 నుంచి 100 మిల్లీమీటర్ల పిల్ల అని లెక్క. జలాశయానికి పెద్ద పిల్ల ఎందుకంటే ఇక్కడ వాలుగ లాంటి మింగే చేపలు ఉంటాయి. వేలంత లేని పిల్లను వదిలితే అది వాటికి మేతవుతది.

ఈ పని మనం ఒడ్డున నిలబడి చూడాల్సిన పని. చూడాల్సినవి నాలుగు. మొదటిది సైజు: స్కేలు పెట్టి కొలవొచ్చు, సిగ్గు పడొద్దు. రెండోది లెక్క: ఒక జల్లెడలో పట్టే పిల్లలను ఒక్కొక్కటిగా ఎంచి, ఎన్ని జల్లెళ్లు పోసిన్రో రాసుకుంటే మొత్తం వస్తది. మూడోది వదిలే తీరు: ఆక్సిజన్ సంచిని పావుగంట, ఇరవై నిమిషాలు నీళ్ల మీద తేలనిచ్చి, రెండు నీళ్ల వేడి సమానమైనంక, మెల్లగా జలాశయం నీళ్లు కలిపి వదలాలి. మిట్ట మధ్యాహ్నం ఎండలో గుమ్మరిస్తే సగం అక్కడే తేలుతాయి. నాలుగోది కాలం: వానాకాలంలో వదిలిన పిల్లకు, చలికాలంలో వదిలిన పిల్లకు పెరిగే నెలల్లో తేడా ఉంటది. ఆలస్యంగా వచ్చిన పిల్ల ఎండాకాలం వేటకు చిన్నగానే దొరుకుతది. మన సంఘం రిజిస్టరులో తేదీ, సైజు, లెక్క రాసి, అక్కడున్న అందరితో సంతకాలు పెట్టిస్తే చాలు. పుస్తకాలు రాయడం మనకు కొత్త కాదు.

అవతలి ఒడ్డు మాట

రెండో మాట అవతలి ఒడ్డు సంగతి. ఈ జలాశయం రెండు రాష్ట్రాలది. ఒక ఒడ్డు నాగర్‌కర్నూల్ వైపు, ఒక ఒడ్డు నంద్యాల వైపు. చేపకు సరిహద్దు తెలియదు. మనం వదిలిందంతా మనకే వస్తదని మేము చెప్పం. అయితే ఆ ఒడ్డున కూడా మన లాంటి పొదుపు సంఘాలే ఉన్నయి. వాళ్లను డ్వాక్రా అక్కలంటరు. వాళ్ల బాధ కూడా ఇదే. చేపలమ్మే ఆడోళ్లు సంతల్లో కలుస్తనే ఉంటరు. సమాఖ్య తరఫున ఒక్కసారి కూర్చుని మాట్లాడితే, చిన్న చేప ఏ సంతలోనూ అమ్ముడు పోకుండా చేయొచ్చు. కొనేవాళ్లు లేని చేపను ఎవరూ పట్టరు. సర్కారు పడవ వచ్చి వల కాల్చిపోతే రెండు నెలలకు కొత్త వల వస్తది. సంతలో బేరం ఆగితే ఆ వలతో పని ఉండదు.

మేము సభ ముందు పెడుతున్న తీర్మానాలు

ఒకటి. ఏటి ఒడ్డు గ్రామైక్య సంఘాల్లో చేప మీద బతికే సభ్యులకు కిస్తీల పట్టిక మార్చాలి. జూలై, ఆగస్టులో వడ్డీ వరకే తీసుకుని, ఫిబ్రవరి నుంచి మే దాకా అసలు ఎక్కువ కట్టించుకోవాలి. బ్యాంకు సార్లు ఇక్కడే ఉన్నారు గనుక ఈ మాట విన్నరని అనుకుంటున్నం.

రెండు. వేట బందు నెలల కోసం వానాకాలం ముందే సంఘం నుంచి చిన్న అప్పు ఇవ్వాలి. వ్యాపారి అడ్వాన్సు ఉన్న సభ్యురాలికి మొదటి ప్రాధాన్యం. ముందు ఆ బాకీ తీర్చి, రాయించుకున్న కాగితం వెనక్కి తెచ్చుకోవాలి.

మూడు. వల కోసం ఇచ్చే అప్పు పెద్ద కన్ను వలకే. వల కొన్నంక గ్రామైక్య సంఘం సమావేశంలో చూపాలి.

నాలుగు. మన అమ్మకం కేంద్రాల్లో అరకిలో లోపు బొచ్చె, రవ్వ, మోసు కొనం, అమ్మం. అరకిలో చేప ఇంకా గుడ్లు పెట్టే వయసుకు రాదు, దానికి రెండేళ్లు కావాలి. అది మాకు తెలుసు. కానీ ఇప్పుడున్న సైజు నుంచి ఒక్కసారే కిలోకు పొమ్మంటే పొయ్యి వెలగదు. ఈ ఏడాది అరకిలో, నిలబడితే వచ్చే ఏడాది పైకి పోదాం. జిలేబికి, పరిగెలకు, చిన్న జెల్లలకు ఈ షరతు లేదు.

ఐదు. ఎండు చేపల పని చేసే సభ్యులు ఆ చిన్న జాతులతోనే చేయాలి. ఇసుక మీద కాదు, కట్టెల పందిరి వేసి, వల పరిచి, ఉప్పు పట్టించి ఎండబెట్టాలి. ఇసుక లేని ఎండు చేపకు ధర పలుకుతది. 2020లో వచ్చిన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో ఆడవాళ్లకు 60 శాతం దాకా సబ్సిడీ ఉంది. ఐసు పెట్టెల బండి, అమ్మకం బండి లాంటి వాటికి దరఖాస్తు చేసే పనిని సమాఖ్య నెత్తికెత్తుకోవాలి.

ఆరు. మత్స్య సహకార సంఘాల్లో ఆడవాళ్లకు సభ్యత్వం అడగాలి. వల వేసేవాడే జాలరి అని రాస్తే, ఏరేది, ఎండబెట్టేది, మోసేది, అమ్మేది ఎవరని మనం అడగాలి.

ఏడు. ప్రతి రేవులో ఒక తూకం పుస్తకం పెట్టాలి. ఏ రోజు ఏ జాతి చేప ఎన్ని కిలోలు, కిలోకు ఎన్ని చేపలు తూగినయి అని రాయాలి. కిలోకు పది తూగితే చేప చిన్నది, రెండు తూగితే పెద్దది. ఇంతకంటే పెద్ద చదువు అక్కర్లేదు. మూడేళ్లు రాస్తే మన జలాశయంలో చేప పెరుగుతున్నదో తరుగుతున్నదో మన చేతిలోనే రుజువు ఉంటది. అప్పుడు ఏ ఆఫీసుకు పోయినా "చేపలు లేవు సారూ" అని ఏడ్వనక్కర లేదు, పుస్తకం తెరిచి చూపొచ్చు.

ఇందులో ఏదీ ఒక్క సంఘంతో అయ్యేది కాదు. పది సంఘాలు పాటించి ఒక్కటి పాటించకపోయినా కష్టమే. అందుకే వేరుగా కాదు, సమాఖ్య తీర్మానంగా కావాలని అడుగుతున్నాం. అనుమానాలున్న అక్కలు ఇక్కడే అడగండి, చేతులెత్తే ముందు అన్ని మాటలూ అయిపోవాలి.